ఇంటిలెక్కలు: స్కూటరు కొనుట యెట్లు?



కిందటి నెల ఈ శీర్షికక్రింద చింతపండును, ఎండుమిరపకాయలను సంవత్సరమునకు సరిపడ నిలువచేయు విధమును వ్రాసితిని. దానికి వచ్చిన ఉత్తరములలో మూడు, చింతపండును గూర్చి కాక స్కూటరును గూర్చి యుండుట నాకు వింతగా నున్నది. ఒకటి మా జనగామనుండియే వచ్చినది. రెండవది మహబూబాబాదునుండి, మూడవది భూపాలపల్లినుండి. ఈ ముగ్గురు సోదరీమణులును ఒకరినొకరు ఎఱుగరు. అయినను ప్రశ్న యొక్కటే: చేతిలోని కొద్దిపాటి సొమ్ముతో చిన్న ఇంజను స్కూటరు కొనవలెనన్న ఏది కొనవలెను?

2025 దసరాకు మా యింటను ఈ ప్రశ్నయే పుట్టినది. నెలన్నరపాటు భోజనమువద్దను, పడకవద్దను అదియే మాటగా నుండి తుదకు తీరినది. కావున ముగ్గురికిని వేఱువేఱుగా జాబులు వ్రాయుట మాని, ఇక్కడనే వ్రాయుచున్నాను.

ముందు మా సంగతి చెప్పెదను. మాది బడిపంతులు సంసారము. మా వారు ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెప్పుదురు. వేసవి రెండు నెలలును జీతము రాదు. నేను సాయంకాలము రెండిండ్ల పిల్లలకు పద్యములు చెప్పి కొంత తెచ్చుకొందును. మా అమ్మ పాలకుర్తి వైపు ఒక పల్లెలో ఒంటరిగా నున్నది. పెద్దబాటన బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచిన గాని ఆ పల్లె రాదు. 2025 వేసవిలో నొకనాటి రాత్రి పది గంటలకు అమ్మకు జ్వరము హెచ్చినదని పొరుగింటివారు ఫోను చేసిరి. మా వారు పెండ్లికని రైలులో ఊరికి వెళ్లియుండిరి. ఆయన మోటారు సైకిలు వాకిట నిలిచియున్నది. దాని తాళము గోడమేకునకు వ్రేలాడుచున్నది. నేను దానిని నడుపనేరను. ఆటోవాడు ఆ వేళ ఆ త్రోవకు రానన్నాడు. తెల్లవారుదాక ఆ తాళమును చూచుచు గూర్చుంటిని. మొదటి బస్సుకు పోయి, నడిచి, చేరునప్పటికి దైవము చల్లగాజూచి జ్వరము దిగియుండెను. పొరుగింటి అవ్వ రాత్రియంతయు తడిగుడ్డ వేయుచునే యున్నదట. ఆ దినముననే, నేను నడుపగల బండి మా యింట నుండవలెనని నిశ్చయించుకొంటిని.

నేను నడుపగల బండి యన్నమాటను గమనింపుడు. స్కూటరు కొను ఇండ్లలో తొలుత వెల అడుగుదురు, తరువాత లీటరునకు ఎన్ని కిలోమీటర్లు వచ్చునని అడుగుదురు, ఆ తరువాత రంగు. ఎవరు నడుపుదురు, ఏ త్రోవను నడుపుదురు అనునది ఎవరును అడుగరు. "ఇంటికి" అని కొందురు. నెల తిరుగకముందే తాళము మరిది జేబులో నుండును.

పూర్వము ఈ ప్రశ్నకు తావే లేదు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరునకు ఎడమచేతి పిడిని క్లచ్చితో కూడ త్రిప్పి గేరు మార్చవలెను. కాలితో తన్ని ఇంజను లేపవలెను. మా మామగారు దానికై పేరు వ్రాయించుకొని యేండ్లతరబడి కాచుకొనియుండిరట. మన హైదరాబాదు ఆల్విన్ వారును 'పుష్పక్' అను పేర ఒక స్కూటరు నమ్మిరి. వీనియం దన్నిటను స్త్రీకి చోటు వెనుకనే. 1984లో కైనెటిక్ హోండా గేరు లేకుండ, మీట నొక్కినంతనే ఇంజను పలుకునట్లు వచ్చినది. తరువాత స్కూటీలు, ఆక్టివాలు వచ్చినవి. చీరకట్టిన స్త్రీ ముందు పీఠమున గూర్చుండి పోవుట అప్పటినుండి వీథులలో హెచ్చినది. అర్జునుని రథమునకు సుభద్ర పగ్గములు పట్టినదని పురాణము చెప్పు పెద్దలే, కోడలు స్కూటరు ఎక్కిన ముక్కున వ్రేలు వేసికొనుట నాకు నవ్వు తెప్పించును.

ఇక జనగామ సోదరికి మొదట జవాబు చెప్పెదను, అది చిన్నది. ఆమె నిత్యము స్టేషను ఘనపురమునకు పోయి కుట్టుపని చేసి వచ్చునట. త్రోవ యంతయు హైదరాబాదు వరంగల్లు జాతీయ రహదారియే. అమ్మా, నీవు స్కూటరు కొనవలదు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు సొమ్ము లేదు. నీ యింటినుండి పనిచోటివరకు బస్సు తిన్నగా పోవుచున్నప్పుడు, లారీలును కార్లును పరుగెత్తు ఆ రహదారిని చిన్న చక్రముల బండిపై నిత్యము పోవుట దేనికి? ఉచితముగా వచ్చుదానిని విడిచి నెలనెల పెట్రోలు కాల్చుట ఏమి గృహిణీధర్మము? నీ సొమ్ము పోస్టాఫీసులో నుండనిమ్ము. బస్సు పోనిచోటికి, బస్సు లేని వేళకు స్కూటరు కావలెను. మా అమ్మ పల్లె అట్టిది.

తక్కినవారు వినుడు. షోరూము గోడపై వ్రాసిన వెల వేఱు, బండి ఇంటికి వచ్చువఱకు అగు వెల వేఱు. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్న బండ్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినందున, దసరానాటికి షోరూములన్నియు తిరునాళ్లవలె నుండెను. మేమును పోయితిమి. 110 సి.సి. స్కూటరు ఒకదానికి వారు వ్రాసియిచ్చిన కాగితమును దాచియుంచితిని. బండి వెల 73,000. జీవితకాలపు పన్ను 8,760. ఇన్సూరెన్సు 6,650. రిజిస్ట్రేషను, కార్డు, నంబరు పలక 1,190. 'హ్యాండ్లింగు' అని 1,500. 'యాక్సెసరీలు' అని 3,400. మొత్తము 94,500. అనగా గోడమీది వెలకన్న 21,500 ఎక్కువ! డెబ్బదిమూడు వేలు సమకూర్చుకొని పోయిన ఇల్లాలు అక్కడ ఏమి చేయవలెను?

ఇందులో కొన్ని తప్పనివి. పన్ను తప్పదు. కొత్త బండికి ఇతరుల నష్టమునకు సంబంధించిన ఇన్సూరెన్సు అయిదేండ్లకును ఒక్కమారే కట్టవలెనని 2018 సెప్టెంబరునుండి నియమము. 75 దాటి 150 సి.సి. లోపు బండికి అయిదేండ్లకు 3,851 రూపాయలని 2022లో నిర్ణయించిరి. బండికే తగులు దెబ్బలకు వేయు ఇన్సూరెన్సు దీనిపై వేఱు. దానిని షోరూమువారియొద్దనే తీసికొనవలెనని లేదు, బయట అడిగి తక్కువకు తీసికొనవచ్చును. 'హ్యాండ్లింగు' దేనికని నేనడిగితిని. బండిని దుమ్ము తుడిచి ఇచ్చుటకట! మా యింట దుమ్ము నేనే తుడుచుకొందునని చెప్పితిని.

యాక్సెసరీల పట్టికలో చీర చక్రమున పడకుండ కట్టు జాలియును, శిరస్త్రాణమును ఉన్నవి. ఇచ్చట సోదరీమణులు శ్రద్ధగా చదువుడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వ నియమము ప్రకారము వెనుక గూర్చుండువారికి చేతిపట్టును, కాలిపీటయు, బట్టలు చిక్కుకొనకుండ వెనుక చక్రమును కనీసము సగము కప్పు అడ్డును బండికి ఉండియే తీరవలెను. 138వ నియమము ప్రకారము బండి కొనునప్పుడు ప్రమాణమునకు సరిపోవు హెల్మెటు నొకదానిని బండి చేయువారే ఇయ్యవలెను. ఇవి వేడుక వస్తువులు కావు. వీనికి వేఱుగా సొమ్ము అడిగినప్పుడు నియమపు సంఖ్య చెప్పి ఊరకుండుడు, వాదింపనక్కరలేదు. నేను చెప్పినంతనే ఆ యువకుడు లోపలికి పోయి వచ్చి, హ్యాండ్లింగు మొత్తమును, యాక్సెసరీలలో 2,600ను కొట్టివేసెను. 94,500 కాస్త 90,400 అయినది. పద్యములు వచ్చినదానికన్న ఈ రెండు సంఖ్యలు వచ్చినందుకు మా వారు నన్ను ఎక్కువ మెచ్చుకొనిరి.

అయినను మా చేతిలో చిట్టీ ఎత్తిన 52,000 మాత్రమే యున్నవి. అప్పుడు కుర్చీ వేసి, చల్లని నీళ్లిచ్చి, అప్పు సంగతి మొదలుపెట్టిరి. "ముప్పదివేలు కట్టుడు, తక్కిన అరువదివేలు మూడేండ్ల వాయిదాలు, వడ్డీ పదునొకండు శాతమే, నెలకు 2,217 రూపాయలే!" ఈ 'ఏ' కారములయందే మోసపోవుదుము. లెక్క చూడుడు. అరువదివేలకు ఏటికి పదునొకండు శాతము చొప్పున మూడేండ్ల వడ్డీ 19,800. అసలుతో కలిపి 79,800. ముప్పదియాఱు భాగములు చేసిన నెలకు సుమారు 2,217. సరియే. కాని మొదటి నెల వాయిదా కట్టినప్పటినుండియే మన అసలు తగ్గుచుండును గదా? తగ్గిన అసలుపై వడ్డీయు తగ్గవలెను. వీరు తుదినెలవఱకును మొత్తము అరువదివేలపై వడ్డీ వేసిరి. దీనిని 'ఫ్లాటు' వడ్డీ యందురు. తగ్గు అసలుపై లెక్కించిన ఇది పదునొకండు కాదు, దాదాపు పందొమ్మిదిన్నర శాతము. కావున వడ్డీ యెంత యని మాత్రము అడుగక, "ఫ్లాటా, తగ్గు అసలుపైనా?" అని అడుగుడు. బ్యాంకు అప్పులు సాధారణముగా తగ్గు అసలుపై నుండును. అక్కడ పదమూడు శాతమన్నను ఈ పదునొకండుకన్న చవుకయే.

మా యింట వేసవి రెండు నెలలు జీతము రాదని చెప్పితిని గదా. జూనులో పిల్ల ఫీజు, మే నెల వాయిదా ఒక్కమారు మీదబడును. అప్పు వలదని లేచి వచ్చితిమి. మా వారు దారిపొడవునను మాటాడలేదు.

ఇక పెట్రోలు. 'మైలేజి' యన్నమాటను మన మగవారు మంత్రమువలె జపింతురు. మా లెక్క ఇది: నెలకు నేను తిరుగునది 530 కిలోమీటర్లకు మించదు. లీటరునకు 45 కిలోమీటర్లు పోవు బండికి పదునొకండు ముప్పావు లీటర్లు; 55 పోవు బండికి తొమ్మిదిన్నర లీటర్లకు కొంచెము పైన. లీటరు 108 రూపాయలని వేసికొన్నను తేడా నెలకు 230 రూపాయలు. ఇది లేక్కలోనిదే, కాదనను. కాని ఈ 230కై, ఎత్తు సరిపడని బండిని, బ్రేకు చాలని బండిని, కొని పడి చేయి విరుగగొట్టుకొన్న ఆసుపత్రివారు దానిని ఒక్కదినమున రాబట్టుకొందురు.

మహబూబాబాదు సోదరి చీరల మూటలు తీసికొని తండాలకు పోయి అమ్ముకొనునట. త్రోవలు గుంతలు, అక్కడక్కడ మట్టిబాట. ఆమెకు నా మాట: టి.వి.యెస్. ఎక్సెల్ 100 చూడుము తల్లీ. దీనిని చూచి నవ్వువారు నవ్వనిమ్ము. 99.7 సి.సి. ఇంజను, గేరులు మార్చు పనిలేదు, బరువు తొంబది కిలోలకు లోపే. స్కూటరుల చక్రములు పది పండ్రెండు అంగుళములైతే దీనివి పదునాఱు అంగుళములు. కాబట్టి గుంతలో దిగి లేచుట సులువు. కాళ్లముందు మూట పెట్టుకొన చోటున్నది. వెలయు యాబదివేలకు లోపలనే మొదలగును. మిరపపండ్ల కాలమున మహబూబాబాదు వైపు రైతులు దానిపై మోయు మూటలు చూచినచో నీ చీరలమూట ఏపాటిది! లోపము లేకపోలేదు: దాని శక్తి స్కూటరు శక్తిలో సగము కొంచెము మించును గాని అంతకన్న లేదు. ఇద్దరెక్కి మెట్ట యెక్కునప్పుడు అది మూలుగును. వేగము కావలసినవారికి, పెద్దరహదారిన పోవువారికి పనికిరాదు. నిలువ పెట్టె యుండదు. వానకు మూట తడియకుండ పట్టాగుడ్డ వెంటనుంచుకొనవలెను.

ఇంకొక్క మాట. ఆమె తన పదునాఱేండ్ల కుమారుడు దీనిని నడుపవచ్చునా యని అడిగినది. నడుపరాదు. పదునాఱేండ్లవారికి చట్టము విడిచినది యాబది సి.సి. లోపు బండి మాత్రమే. ఇది దానికి రెట్టింపు. తక్కినదానికి పదునెనిమిది నిండవలెను. 2019లో సవరించిన చట్టము ప్రకారము మైనరు బండి నడిపి పట్టుబడిన తండ్రికో తల్లికో 25,000 రూపాయల జరిమానా, మూడేండ్లవఱకు జైలు. బండి రిజిస్ట్రేషను సంవత్సరము రద్దు. చీరలమ్మి కూడబెట్టిన సొమ్ముతో కొన్న బండి పోలీసుఠాణాలో తుప్పుపట్టుట నీకు సమ్మతమా?

భూపాలపల్లి సోదరి ఉత్తరము నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది. పెనిమిటి సింగరేణి గనిలో పని, షిఫ్టులు మాఱుచుండును. ఇద్దరు పిల్లలను బడికి దింపి తేవలెను. అక్కడి రోడ్డున బొగ్గు లారీలు, ఇసుక లారీలు, చెల్పూరు విద్యుత్కేంద్రమునకు పోవు బండ్లు. ఆమె అరువదివేలలో ఒక చిన్న విద్యుత్ స్కూటరు చూచినదట. లైసెన్సు అక్కరలేదని, రిజిస్ట్రేషను అక్కరలేదని అమ్మువాడు చెప్పెనట. నిజమే చెప్పినాడు. కాని ఎందుకక్కరలేదో చెప్పలేదు. గంటకు ఇరువదియైదు కిలోమీటర్లు మించని బండికే ఆ మినహాయింపు. లారీ వెనుక మ్రోగుచుండగా ప్రక్కకు తప్పుకొనుటకైన ఆ వేగము చాలదు. కాలనీలో కూరగాయలకు పోవుటకైన సరే, ఆ రోడ్డుకు వలదు.

రిజిస్ట్రేషను గల పెద్ద విద్యుత్ స్కూటరులు మంచివే. నూఱు కిలోమీటర్లకు సుమారు మూడు యూనిట్ల కరెంటుతో పోవును. మన రాష్ట్రమువారు 2024 నవంబరు నుండి 2026 డిసెంబరు 31 వఱకు వానికి రోడ్డుపన్నును, రిజిస్ట్రేషను రుసుమును మన్నించిరి. క్వార్టరులో క్రింది యిల్లై, వాకిటికి ప్లగ్గు వచ్చునదైన ఆలోచింపవచ్చును. మేము మేడమీది వాటాలో అద్దెకున్నాము. ఇంటి యజమానురాలు వైరు క్రిందికి వేయనీయదు. మాకు ఆ తలుపు అక్కడనే మూసికొనినది.

కావున ఆమెకు 110 సి.సి. పెట్రోలు స్కూటరే చెప్పుదును. అందును చక్రములు చూడుము: ఆక్టివాకు ముందు చక్రము పండ్రెండంగుళములు, వెనుకది పది, జూపిటరుకు రెండును పండ్రెండు. చెడిన రోడ్డుకు పెద్ద చక్రము మేలు. 2019 ఏప్రిలు తరువాతి బండ్లన్నిటికిని ఎడమ బ్రేకు పట్టిన రెండు చక్రములకును బిగియు ఏర్పాటున్నది. కొత్తగా నేర్చినవారికి అది ప్రాణరక్ష. ఇవి నూటయైదు కిలోల బరువు తూగును. షోరూములో సిగ్గుపడక బండిని సెంటరు స్టాండు వేసి తీయుము, వెనుకకు నెట్టుము, చీరతోనే పీఠమున గూర్చుండి రెండు పాదములును నేల నానునో లేదో చూడుము. ఇవి చేయనీయని చోట కొనకుము.

అయితే అమ్మా, ఇద్దరు పిల్లలను ఒక్కమారు ఎక్కించుకొని పోదునని వ్రాసితివి. పుష్పకవిమానమున ఎందరెక్కినను ఇంకొకరికి చోటుండునని విన్నాము. ఈ స్కూటరునకు ఆ వరము లేదు. నడుపువారు గాక ఒక్కరే ఎక్కవలెనని చట్టము. నాలుగేండ్లు నిండిన పిల్లకును హెల్మెటు ఉండవలెను. ఆ లారీల నడుమ ముందొకరిని నిలుచుండబెట్టి, వెనుకొకరిని గూర్చుండబెట్టి పోవుటకు నేను సలహా ఇయ్యజాలను. బడి దగ్గఱిదైన రెండుమాఱులు తిరుగుము. లేదా పెద్దవానిని బడి ఆటోలో పంపుము. ఆ ఆటో సొమ్మును నీ లెక్కలో ఇప్పుడే వేసికొనుము.

ఇప్పుడు మేమేమి కొంటిమో చెప్పవలెను. అప్పు మానితిమి గనుక పాత బండి వెదకితిమి. మొదట ఒక దళారి చూపినది తళతళలాడుచుండెను. 40,000 అన్నాడు. నేను తొందరపడి 5,000 బయానా ఇచ్చితిని. ఇంటికి వచ్చి మా అమ్మాయి ఎమ్‌పరివాహన్‌లో నంబరు వేసి చూడగా, బండి యింకను అప్పిచ్చిన సంస్థ తాకట్టులోనే యున్నది! అప్పు తీరినదని ఆ సంస్థ ఇచ్చు కాగితమును, 35వ నంబరు ఫారమును లేకున్న అది మన పేరికి మాఱదు. బయానా తిరిగి అడుగగా మూడువేలే ఇచ్చినాడు, రెండువేలు పోయినవి. ఆ రెండువేలను నేను ఇంటిలెక్కలలో ఏ పద్దున వ్రాయవలెనో తెలియక 'నేర్చుకొన్న చదువు' అని వ్రాసితిని. చూడవలసినది చూడక సొమ్మిచ్చినది నేనే.

రెండవమారు నిదానించితిమి. పదవీవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని తన బండి నమ్ముచున్నదని తెలిసినది. 2021 నాటి 110 సి.సి. స్కూటరు, ఇరువదిరెండు వేల కిలోమీటర్లు తిరిగినది. 2020 ఏప్రిలు తరువాతి బండి కావలెనని నేననుకొంటిని, అప్పటినుండి బి.యెస్. 6 నియమము వచ్చి, స్కూటరులలో పెట్రోలును కొలిచి చిమ్ము ఏర్పాటు వచ్చినది, చలిలోను వెంటనే పలుకును. మా వీథి మెకానికును వెంటబెట్టుకొని తెల్లవాఱుజామున పోయితిమి. వేళకు కారణమున్నది: అమ్మువారు ముందే ఇంజను వేడిచేసి యుంచిన దాని రోగము బయటపడదు. ఇంజనుపై చేయి పెట్టి చల్లగా నున్నదని చూచి మీట నొక్కితిమి, ఒక్కమారే పలికినది. మెకానికు ప్రక్క మూత విప్పి చూచెను. గేరులకు బదులుగా ఇందు రెండు కప్పీల నడుమ రబ్బరుపట్టా తిరుగును. ఇరువది వేలు దాటిన తరువాత అది పగుళ్లు వాఱును. దారిలో తెగిన బండి కదలదు. పట్టా మార్చవలెనని, వెనుక టైరు అరిగినదని, బ్యాటరీ బలహీనమని చెప్పెను. ఆమె 50,000 అడిగినది. ఈ మూడు లోపములను చూపి 46,000కు ఒప్పించితిమి. పోలీసువారి చలానాలు లేవని చూచితిమి. 29, 30 నంబరు ఫారములపై సంతకములు, ఆర్.సి., అయిదేండ్ల ఇన్సూరెన్సులో మిగిలిన ఎనిమిది నెలల కాగితము తీసికొంటిమి. బండి మాఱిన పదునాలుగు దినములలో ఇన్సూరెన్సు కూడ మన పేరికి మార్చుకొనవలెనని మఱవకుడు. మఱచినవారి దెబ్బకు బండి బీమావారు చిల్లిగవ్వ యియ్యరు.

పట్టా, టైరు, బ్యాటరీ, నూనె, పేరుమార్పు కలిపి 4,200. అప్పటికి 50,200. రెండు హెల్మెటులు, ఐ.యెస్.ఐ. గుర్తుగలవి, 1,700. మిగిలిన నూఱు రూపాయలలో టెంకాయ, నిమ్మకాయలు పోగా చిల్లర పిల్ల చేతిలో పెట్టితిని. దళారి మ్రింగిన రెండువేలు నా ట్యూషను సొమ్ములోనివి.

ఎవరి పేర వ్రాయవలెనన్న మాట వచ్చినది. మా వారి పేర వ్రాయుట వాడుక. "నడుపునది ఆమె, ఆమె పేరనే యుండనిండు" అని మా వారే అనిరి. రవాణా కార్యాలయమునుండి వచ్చిన కార్డుపై టి.యెస్. 27 అను జనగామ సంఖ్య, క్రింద నా పేరు. చదువు చెప్పించిన మా నాయన ఉన్నచో చూచి సంతోషించియుండును.

నేర్చుటకు ముందే కొన్నదని నన్ను నిందింపకుడు. బండి వెదకుచున్నప్పుడే లర్నరు లైసెన్సు తీసికొంటిని. అది ఆఱు నెలలు చెల్లును. ముప్పది దినములు గడచిన పిమ్మట పరీక్ష ఇయ్యవచ్చును. గేరు లేని బండికి వేఱు తరగతి లైసెన్సున్నది, అది చాలును. మా వారి బడి మైదానమున ఆదివారములు నేర్చుకొంటిని. మొదటిదినము యాక్సిలరేటరు పట్టుకొనియే బ్రేకు వేయబోయి గోడకానుకొనియున్న చెత్తకుప్పలోనికి పోయితిని. మా అత్తమ్మ చూచి, "చిన్నప్పుడు మేము ఎడ్లబండి తోలలేదా, పగ్గం గుంజి పట్టుకొని అదిలిస్తే ఎడ్లు బెదురుతయి, చెయ్యి వదులు చెయ్యి" అన్నది. నాకు గురువులెందరో చెప్పిన మాటలకన్న ఈ మాట పనికివచ్చినది. చేయి వదులుచేసి, వ్రేళ్లతో మాత్రమే పట్టుట అలవరచుకొంటిని.

సంక్రాంతికి లైసెన్సు చేతికి వచ్చినది. ఆ వారమే అమ్మ పల్లెకు పోయితిని. కంటి వైద్యునివద్దకు తీసికొనిపోవలసియుండెను. హెల్మెటు తలకు పెట్టబోగా కొప్పు అడ్డమని ఇంతసేపు గొణిగినది. కొప్పు విప్పి జడ వేసి పెట్టితిని. ప్రక్కవాటుగా వెనుక గూర్చుండి, కాలిపీటపై పాదములు మోపి, చేతిపట్టు రెండుమార్లు లాగి చూచి, క్రిందికి వంగి జాలిని తడవి, "చీర చక్రంల పడదు గదా బిడ్డా?" అన్నది.

పడదని చెప్పి మీట నొక్కితిని.